పెద్దను ఎన్నుకొనువారి పెద్దరికము

తెలుక్ ఇంటాన్ పట్టణమునందును, చుట్టుపట్ల తోటలయందును ఈ వేళ రేడియో చెంత కూర్చున్న తెలుగు సోదరీసోదరులారా!

ఒక ప్రాచీన కళాశాల యున్నదనుకొనుడు. నూరేండ్లు దాటినది. మెట్లు నడుమ అరిగిపోయినవి. సభామందిరములో వెనుకటి ప్రిన్సిపాళ్ల పటములు వరుసగా వ్రేలాడుచున్నవి. ఇప్పటి ప్రిన్సిపాలుగారు రేపో మాపో పదవి విడువనున్నారు. వారి స్థానమునకు మరియొకరు కావలెను. పత్రికలలో ప్రకటన పడినది. అర్జీలు కట్టలుగా వచ్చినవి. నలుగురు పెద్దలు తలుపు మూసికొని, ఫలహారములు ముందు పెట్టుకొని, ఆ కట్టలు విప్పుచున్నారు. ఆ గదిలో ఏమి జరుగును? ఏమి జరుగవలెను? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

"ఇది పండితుల గొడవ, మనకేల?" అని మీలో కొందరికి తోచవచ్చును. మనకును కావలెను. ఏలయన, మన పెద్దలలో పెక్కండ్రు ఈ మలేసియా దేశమునకు వచ్చినదే ఒకరు వారిని ఎంచి తెచ్చుటవలన. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల గ్రామములకు, తోటలకు కూలీలను కూర్చు కంగాణి వచ్చెను. తన ఊరివారిని, తన బంధువులను, తన కులమువారిని కూడగట్టి ఓడ యెక్కించెను. పనిలోనికి దిగిన తల యొక్కింటికి ఇంతయని అతనికి ముట్టెడిది. కనుక అతడు తలలు లెక్కించెనేగాని, తలలలో ఏమున్నదో చూడలేదు. చూచుట అతని పనియు గాదు. రబ్బరుచెట్టునకు గాటు పెట్టుటకును, కొబ్బరికాయలు దింపుటకును తోటలకు చేతులు కావలసియుండెను, చేతులు దొరికెను. అది ఒక తీరు ఎంపిక.

విద్యాలయమునకు అధిపతిని తెచ్చుట వేరొక తీరు ఎంపిక. అయినను చిత్రమేమనగా, ఎంత ప్రఖ్యాతి గాంచిన కళాశాలలోనైనను, ఆ మూసిన తలుపుల వెనుక మొట్టమొదట వినవచ్చునది తరచుగా కంగాణి ప్రశ్నయే: "మనవాడేనా?" వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొదువలేదని మనకొక సామెత యుండనే యున్నది. విందులో ఆ సామెత ముద్దుగానే యుండును. కళాశాలలో అది చేటు తెచ్చును.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. దానిని మొదటనే చెప్పెదను, నడుమ నడుమ మరల చెప్పెదను. పెద్దను ఎన్నుకొనువారికే ముందుగా పెద్దరికము కావలెను. ఆ పెద్దరికమునకు రెండు గుర్తులు. తమకంటె అధికుని చూచి బెదరకుండుట మొదటి గుర్తు. ఎన్నుకొన్న పిమ్మట అతని పనిలో చేయి పెట్టకయు, అతని చేయి విడువకయు నుండుట రెండవ గుర్తు.

మొదటి గుర్తునకు కాకినాడనుండి ఒక ఉదాహరణము చెప్పెదను. అచ్చటి పిఠాపురము రాజావారి కళాశాల పేరు ఆంధ్రదేశమున విననివారు అరుదు. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆ కళాశాలకు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ప్రిన్సిపాలుగా వచ్చిరి. వారు 1862లో మచిలీపట్టణమున జన్మించినవారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో డాక్టరు మిల్లరుగారి శిష్యులు. అంతకుముందు సికిందరాబాదులోని మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండి పేరు గడించినవారు. వారి పాండిత్యమును గూర్చి ఎవరికిని సందేహము కలుగదు. సందేహము కలిగినచో అది వారి నడవడిని గూర్చియే కలుగవలెను. ఆ నడవడి చెడ్డదని కాదు సుమండీ, మితిమీరి మంచిదని!

వారు బ్రహ్మసమాజమువారు. కులభేదమును అంగీకరింపనివారు. పెండ్లియైనను, పండుగయైనను, దొరలకు విందైనను భోగముమేళము లేనిదే ఇంటికి గౌరవము లేదని సంపన్నులు తలచుచుండిన ఆ దినములలో, అట్టి మేళములు కూడవని బహిరంగ సభలలో ఖండించినవారు. ఇట్టి మనుష్యుని, ఒక సంస్థానాధిపతి పేరు దాల్చిన కళాశాలకు అధిపతిగా తెచ్చుటయా? జాగ్రత్తపరులైన పెద్దలు ఇట్టిచోట ఏమందురో మీరెరుగుదురు. "మంచివాడేగాని, మనకు ఇమడడు" అందురు. ఆ ఒక్క మాటతో ఎన్ని విద్యాలయములు ఎందరు మహనీయులను గుమ్మమునుండియే సాగనంపినవో చెప్పుట కష్టము.

కాకినాడలో ఆయన గుమ్మము దాటి లోనికి వచ్చెను. 1919 వరకును ఉండెను. ఎల్లప్పుడును తెల్లని వస్త్రములే ధరించెడి ఆ మనిషి ఆ కళాశాలలో ఆడపిల్లలకు ప్రవేశము కల్పించెను. అస్పృశ్యులని లోకము దూరముంచిన బాలురకు చదువును వసతియు చూపెను. తన జీతములో అధికభాగమును బీదవిద్యార్థుల ఫీజులకును, అనాథల పోషణకును వెచ్చించెను. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆయన శిష్యులలోనివారే. అన్నింటికంటె వింతయేమనగా, రాజుగారి పేరు గల కళాశాలలో ఉద్యోగిగా చేరిన ఆయనను, పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారే గురువుగా భావించిరి. తరువాత 1925లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయమునకే వైస్ చాన్సలరు అయ్యెను. "ఇమడడు" అనదగిన మనుష్యుడు కళాశాలలో ఇముడుటకు రాలేదు. కళాశాలను పెంచుటకు వచ్చెను. తమకంటె అధికుని చూచి బెదరకుండుట యనగా ఇది.

ఇక రెండవ కథ వినుడు. ఇది కలకత్తాలో మొదలై, మైసూరు మీదుగా వచ్చి, విశాఖపట్టణమునందలి వాల్తేరులో సముద్రపు టొడ్డున ముగియును.

కలకత్తాలో ఆశుతోష ముఖర్జీగారని హైకోర్టు జడ్జీ యొకరుండిరి. అచ్చటి విశ్వవిద్యాలయమును తీర్చి దిద్దినది ఆయనయే. ఆయన చూపు ఇతరుల చూపు వంటిది కాదు. ప్రభుత్వపు లెక్కల కచేరీలో పెద్ద ఉద్యోగము చేయుచు, తీరిక వేళలలో భౌతికశాస్త్ర పరిశోధనలు సాగించుచుండిన ఒక దక్షిణాది యువకునిపై ఆ చూపు పడెను. ఆ యువకుడు చంద్రశేఖర వేంకటరామన్. ఆయన బాల్యము గడచినది మన విశాఖపట్టణముననే. తండ్రిగారు అచ్చటి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. ఆశుతోషులు ఆ లెక్కల ఉద్యోగిని విశ్వవిద్యాలయపు ఆచార్యపీఠమునకు పిలిచిరి. ఆ పీఠమును స్థాపించిన దాత పెట్టిన నియమములలో, ఆచార్యుడు విదేశములకు పోయి శిక్షణ పొంది రావలెనని యొకటి యుండెను. రామన్‌గారు పోననిరి. నియమము సడలినదిగాని రామన్‌గారు కదలలేదు. 1917లో పీఠమెక్కిరి, 1930లో నోబెల్ బహుమానము పొందిరి.

ఆ ఆశుతోషులే మరికొన్నాళ్లకు తత్త్వశాస్త్ర పీఠమునకు మరియొక దక్షిణాదివానిని ఏరుకొనిరి. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా నున్న సర్వేపల్లి రాధాకృష్ణగారు. అప్పటికి వారి వయస్సు ముప్పదిరెండు. విదేశపు పట్టము లేదు. వంగదేశముతో చుట్టరికము లేదు. 1921లో వారు మైసూరు విడిచి వెళ్లు దినమున విద్యార్థులు చేసిన పనిని నేటికిని కథగా చెప్పుకొందురు. గుఱ్ఱపుబండిని పూలతో అలంకరించి, గుఱ్ఱములను విప్పివేసి, ఆ పిల్లలే బండిని రైలు స్టేషను వరకును లాగుకొనిపోయిరి. దరఖాస్తుతో జతపరచు యోగ్యతాపత్రములు అనేకము కలవు. తన పిల్లలు తన బండి లాగిన యోగ్యతాపత్రము ఎందరికి దొరకును?

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో వెలసినది. దాని మొదటి వైస్ చాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారి తరువాత 1931లో సెనేటు సభ్యులు రాధాకృష్ణగారిని ఎన్నుకొనిరి. వాల్తేరు మెరకమీద అప్పుడప్పుడే భవనములు లేచుచున్నవి. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చుచుండిరి. డబ్బుతో గోడలు లేచును. గోడల నడుమ ఎవరిని కూర్చుండబెట్టవలెను? రాధాకృష్ణగారి అసలు ప్రజ్ఞ అచ్చట కనబడినది.

రామన్‌గారి శిష్యుడు సూరి భగవంతముగారు ముప్పది యేండ్లు నిండకమునుపే వాల్తేరులో భౌతికశాస్త్రము బోధింప వచ్చిరి. ముందు ముందు ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ చాన్సలరును, బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరును అయ్యెను. రసాయనశాస్త్రమునకు శేషాద్రిగారు వచ్చిరి. తత్త్వశాస్త్రమునకు హుమాయూన్ కబీరుగారు వచ్చిరి. ఆయన వంగదేశపు మహమ్మదీయుడు, పిమ్మట కేంద్రప్రభుత్వమున మంత్రి. చరిత్రకును రాజనీతికిని హీరేన్ ముఖర్జీగారు వచ్చిరి. ఆయన తరువాతి కాలమున లోక్‌సభలో కమ్యూనిస్టు పక్షమునకు వాగ్ధాటిగల నాయకుడు. పిలిచినవారు వేదాంతి, వచ్చినవారిలో ఒకరు సామ్యవాది. పిలిచినవారు తెలుగు బ్రాహ్మణ కుటుంబమున పుట్టినవారు. వచ్చినవారిలో ఒకరు మహమ్మదీయులు. "మనవాడేనా?" యను ప్రశ్న ఆ కొండమీద వేసియున్నచో, వీరిలో ఎందరు మిగులుదురు?

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. దానిని నిదానముగా చెప్పెదను. ఆశుతోషులు ఏ చూపుతో రామన్‌గారిని, రాధాకృష్ణగారిని చూచిరో, ఆ చూపునే రాధాకృష్ణగారు వాల్తేరునకు తెచ్చిరి. ఎన్నిక యొక వంశము వంటిది. గొప్పగా ఎన్నుకొనబడినవాడు గొప్పగా ఎన్నుకొనును. భయపడి తెచ్చుకొన్నవాడు భయపడువారినే తెచ్చును. కనుక, విద్యాలయమునకు అధిపతిని ఎన్నుకొనుచున్న నలుగురు పెద్దలు ఒక్క మనుష్యునే ఎన్నుకొనుచున్నామని అనుకొనరాదు. అతడు రాబోవు పదియేండ్లలో తేబోవు మనుష్యులందరిని వారా పూటనే ఎన్నుకొనుచున్నారు.

శ్రోతలారా, మీ ఊరి నడుమ ఒక గడియార స్తంభమున్నది. 1885లో లియాంగ్ చూన్ చాంగ్ గారు కట్టించినది. దూరదేశములనుండి వచ్చి జనులు దానిని చూచి పోవుదురు. వెలుపలనుండి చూచిన అది ఎనిమిది అంతస్తుల మేడ. లోనికి పోయి చూచిన మూడే అంతస్తులు. కాగితముల కట్టలో కొందరి అర్జీలును ఇట్టివే. బిరుదులు, పదవులు, సన్మానములు, అధ్యక్షత వహించిన సభలు, ఒకదానిపై నొకటి ఎనిమిది వరుసలు. లోపలికి పోయి అంతస్తులు లెక్కించువారు కావలెను. ఆ స్తంభము ఎందుకు ఒరిగెనో కూడ మీరెరుగుదురు. పైన ఊరికి నీరిచ్చు తొట్టి; అడుగున మెత్తని నేల. బరువు పైన పెట్టినవారు నేల గట్టితనమును కూడ చూడవలెను. కళాశాల బరువునంతయు ఒక్కని తలపై పెట్టి, అతని పాదముల క్రింది నేలను మెత్తగా ఉంచినచో, అతడు ఒరిగినప్పుడు ఆ తప్పు అతనిది మాత్రమే కాదు.

ఇదియే నేను చెప్పిన రెండవ గుర్తు. మరల చెప్పెదను: ఎన్నుకొన్న పిమ్మట చేయి పెట్టరాదు, చేయి విడువరాదు. చేయి పెట్టుట యనగా, మా వానికి ఉద్యోగమిమ్ము, మా పిల్లవానికి సీటిమ్ము, ఫలానివానిని బదిలీ చేయుము అని సాయంకాలము ఇంటికి వచ్చి కూర్చుండుట. చేయి విడుచుట యనగా, అతనిపై ఆకాశరామన్న ఉత్తరము వచ్చిన దినమున, లేదా పైనుండి అధికారి కన్నెర్ర చేసిన దినమున, "మేమెరుగము" అని తప్పుకొనుట. మన సంస్థలలో మొదటిది విరివిగా జరుగును. రెండవది అంతకంటె విరివిగా జరుగును.

కట్టమంచివారి కథ దీనికి సాక్ష్యము. రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివినవారు, బరోడాలోను మైసూరులోను పనిచేసినవారు, ఎవరి ముఖము చూచి మాట మార్చువారు కారు. 1930లో ఉప్పు సత్యాగ్రహము నడచు దినములలో ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా వారు వైస్ చాన్సలరు పదవికి రాజీనామా ఇచ్చిరి. ఆనాటికి విశ్వవిద్యాలయము నాలుగేండ్ల పసిబిడ్డ. ప్రభుత్వపు డబ్బు లేనిదే దానికి గడవదు. సర్కారుతో తగవు పెట్టుకొని పోయినవానిని సామాన్యముగా సంస్థలు ఏమి చేయును? పటమును సహితము గోడనుండి దింపును.

ఆంధ్ర విశ్వవిద్యాలయము అట్లు చేయలేదు. 1936లో రాధాకృష్ణగారు ఆక్స్‌ఫర్డులో ఆచార్యపదవికి తరలినప్పుడు, ఆ రెడ్డిగారినే మరల పిలిచి, అదే కుర్చీలో కూర్చుండబెట్టెను. వారు 1949 వరకును అందుండిరి. ఇది సామాన్యమైన సంగతి కాదు. రాజీనామాను ఆ సెనేటు దోషముగా లెక్కింపక అర్హతగా లెక్కించెను. అవసరమైన దినమున పదవిని విడువగలవానికే పదవిని నిశ్చింతగా అప్పగింపవచ్చునని ఆ ఎన్నిక మనకు చెప్పుచున్నది. ఆ పదుమూడేండ్లలోనే యుద్ధము వచ్చెను. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడెను. ఆ సంవత్సరమున విశ్వవిద్యాలయము సామానులు మూటగట్టుకొని గుంటూరునకు తరలిపోవలసి వచ్చెను. ఇచ్చట మీ తాతలు అదే జపానువారి యేలుబడిలో, సయాము రైలుదారికి కూలీలుగా ఎవరెవరిని పట్టుకొనిపోవుదురోయని తోటలలో వణకుచుండిన కాలమది. అట్టి కాలమున ఊరు మారినను విశ్వవిద్యాలయము చెదరలేదు. నేల గట్టిగా నున్నచో మనిషి నిలుచును. మనిషి నిలిచినచో సంస్థ నిలుచును.

ఈ దేశపు అనుభవమును మరచిపోరాదు. సింగపూరులోని ఎడ్వర్డురాజు వైద్య కళాశాలయు, రాఫుల్స్ కళాశాలయు కలిసి 1949లో మలయా విశ్వవిద్యాలయమైనవి. రాఫుల్స్ కళాశాలలో చదువుకొన్న ఉంకు అజీజుగారు 1968 మొదలు ఇరువదేండ్లు కౌలాలంపూరులోని మలయా విశ్వవిద్యాలయమునకు వైస్ చాన్సలరుగా నుండిరి. వారు అర్థశాస్త్రవేత్త. పల్లెలలో దారిద్ర్యమును కొలుచుటకు ఆయన ఎంచుకొన్న కొలబద్ద లుంగీ వంటి సారొంగు. ఒక ఇంటిలో మనిషికి ఎన్ని సారొంగులున్నవో చూచి ఆ ఇంటి కలిమిలేములు నిర్ణయింపవచ్చుననిరి. గుడిసెలోనికి పోయి దండెముమీది బట్టలు చూచినవాడు విశ్వవిద్యాలయపు ఉన్నతాసనమున కూర్చుండెను. నేల నెరిగినవాడు పీఠమున కూర్చున్నప్పుడు పీఠమునకే శోభ.

ఇప్పటి పద్ధతులు మారినవి. భారతదేశమున సెర్చ్ కమిటీ కొన్ని పేర్లను ఏరి పంపును. వానిలో నొకరు నియుక్తులగుదురు. మలేసియాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములకు వైస్ చాన్సలరును మంత్రిగారు ఒక సంఘము సలహాతో నియమింతురు. పాశ్చాత్యదేశములలో ఈ వెదకులాటను వృత్తిగా పెట్టుకొన్న కంపెనీలే వెలసినవి. పద్ధతి ఏదైనను కావచ్చును. పద్ధతి జల్లెడవలె పొల్లును వేరు చేయగలదేగాని, గింజను పుట్టింపలేదు. ఆ గదిలో కూర్చున్న నలుగురికి పెద్దరికము లేనిచో నియమావళి ఎంత దొడ్డదైనను ఫలము లేదు.

కడపట, ఈ సంగతి తెలుక్ ఇంటాన్‌లో మీకెట్లు పనికివచ్చునో చెప్పి సెలవు తీసికొందును. మీకు విశ్వవిద్యాలయాధిపతిని ఎన్నుకొను పని రాకపోవచ్చును. కాని తెలుగు సంఘమునకు అధ్యక్షుని, రాములవారి కోవెల కమిటీకి పెద్దను, పిల్లలకు ఆదివారపు తెలుగు తరగతి నడపు మాస్టరుగారిని ఎన్నుకొను పని వచ్చుచునే యుండును. ఆ దినమున రెండు ప్రశ్నలు వేయుడు. ఒకటి, నిలబడినవానిని అడుగవలసినది: "అయ్యా, నీవు వచ్చినచో నీ వెంట ఎవరెవరిని తెత్తువు?" అతడు చెప్పు పేర్లలో అతనికంటె చదువరులు, అతనితో విభేదించు ధైర్యము గలవారు ఒకరిద్దరైనను ఉన్నారేమో చూడుడు. అందరును తలయూపువారే యైనచో మరియొకని వెదకుడు. రెండవది, మిమ్ము మీరే అడుగుకొనవలసినది: "ఇతడు రేపు మన మాట కాదన్ననాడు, మనము ఇతనిని పట్టి నిలుపుదుమా?" దీనికి ఔనని చెప్పగల సభ ఎంత చిన్నదైనను అది పెద్దల సభ. చెప్పలేనిచో, ముందుగా సరిదిద్దవలసినది అభ్యర్థులను కాదు, మనలనే.

పెద్దను ఎన్నుకొనువారికే ముందుగా పెద్దరికము కావలెను. వచ్చు సర్వసభ్య సమావేశమునాడు చేయి ఎత్తుటకు మునుపు ఈ రెండు ప్రశ్నలు జ్ఞప్తికి తెచ్చుకొనుడు.